బియ్యానికి మెరుపు పెట్టిన రాయి

ముందుగా భయం గురించి

గనుల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. "సార్, ఈ పనికి ముఖ్యంగా ఏం కావాలి?" అని అడుగుతారు. ఓపికనో, ఎండలో తిరగగలిగే కాళ్ళనో చెబుతానని నా మొహంలోకి చూస్తారు. నేను భయం కావాలంటాను. నవ్వుతారు. నవ్వనీ! భయం లేని కోడి బజార్లో గుడ్డు పెట్టిందట. రాయిని దూరం నుంచి చూసి పేరు చెప్పేసే జియాలజిస్టుదీ ఆ కోడి తెలివే.

నేను పుట్టు పిరికివాణ్ణి. మునగాల పక్క పల్లెలో పాముకూ పిడుగుకూ, మా నాయన దగ్గుకూ కూడా భయపడుతూ పెరిగాను. ఉద్యోగంలో చేరాక వాటికి రాళ్ళు తోడయ్యాయి. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో ఎవరికీ అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. కోదాడలో నాకు రాళ్ళు నేర్పిన ఒక పెద్దసారు గురించి కొంచెం చెబుతాను. తరవాత మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సంగతి చెబుతాను. నిజానికి ఆ మిల్లు సంగతి చెప్పడానికే ఇదంతా.

కోదాడ క్యాంపులో తెల్లరాళ్ళు

యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మఠంపల్లి వైపు సున్నపురాయి ఎంత మేరకుందో చూడమని మమ్మల్ని పంపితే, కోదాడలో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని క్యాంపు పెట్టాం. మా పెద్దసారుది కృష్ణకు అవతలి ఒడ్డు. నోరు మంచిది కాదు. కింది ఉద్యోగుల సెలవు చీటీ చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. అధికారిగా ఆయన నాకెప్పుడూ నచ్చలేదు, ఇప్పుడు తలుచుకున్నా నచ్చడు. కానీ రాయి చేతికిచ్చి నేర్పడంలో మాత్రం అంతటివాణ్ణి మళ్ళీ చూడలేదు.

చేరిన కొత్తలో ఒక తెల్లరాయి చూపించి ఏమిటిదన్నాడు. "సున్నపురాయి సార్" అన్నాను టక్కున.

"నువ్వు చెబుతున్నావా, రాయి చెప్పిందా?"

నేను రాయిని మళ్ళీ తిప్పి చూశాను.

"తెల్లనివన్నీ పాలనుకునే రకానివా నువ్వు? రంగును నమ్మకోయ్. రంగు పైపూత. గీకు, కొట్టు, ఎత్తి చూడు, ఆసిడ్ చుక్క వెయ్యి. అన్నీ అడిగి, అప్పుడు నోరు తెరువు."

ఒక రేకు డబ్బా నిండా తెల్లరాళ్ళే వేసి నా ముందు పెట్టాడు. కాల్సైటు, పలుగురాయి, ఫెల్‌స్పార్, జిప్సం, ముగ్గురాయి, బలపపు రాయి. ఒక్కదానికీ రంగులో తేడా లేదు. కళ్ళు మూసుకుని పేర్లు చెప్పమన్నాడు.

ఇప్పటి పిల్లలకు పరికరాలున్నాయి, అయినా ఇది తెలియాలి. ఖనిజమంటే మనిషి చెయ్యి పడకుండా భూమి తనంతట తాను తయారుచేసుకున్న పదార్థం. ఏ ముక్క విరిచి చూసినా లోపల అవే సరుకులు, దాదాపు అవే పాళ్ళలో, అదే వరుసలో పేర్చి ఉంటాయి. ఆ పేర్పును బట్టే దాని గుణాలు. ఎంత గట్టిగా ఉండాలి, దెబ్బ తగిలితే ఎటు చీలాలి, వెలుగు పడితే ఎలా మెరవాలి, చేతిలో ఎంత బరువు తూగాలి అన్నీ అందులోనే ఉంటాయి. ఇలాంటి ఖనిజాలు కలిసి గట్టిపడితే మనం రాయి అంటాం. మన నల్లగొండ గుట్టల రాయి పగలగొడితే పలుగు, ఫెల్‌స్పార్, అభ్రకం మూడూ వేరువేరుగా కనబడతాయి.

గోరుతో గీస్తే గీత పడి, సబ్బులా జారితే బలపపు రాయి. గోరుకు లొంగకుండా రాగి పైసకు లొంగితే కాల్సైటు, దాని మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. కత్తికి లొంగక, గాజునే గీసేస్తే పలుగు. చూడ్డానికి చిన్నముక్కే అయినా చెయ్యి కిందికి లాగితే ముగ్గురాయి. మెరుగు లేని పింగాణీ బిళ్ళ మీద రాస్తే పడే గీటు రంగు చూడాలి. పైరంగు మోసం చేస్తుంది గానీ గీటు అంత తొందరగా మోసం చెయ్యదు.

"రాయిగా ఉన్నప్పుడే అడుగు దాన్ని. పొడైపోయాక చీలికా లేదు, మెరుపూ లేదు, అన్నీ ఒకే మొహంతో కూర్చుంటాయి. పొడి దగ్గర మాత్రం భయంగా ఉండు" అని ఆయన ఒకసారి అన్నాడు. నాకు భయపడమని వేరే చెప్పాలా?

నర్సయ్య సేటు ఇల్లు

కొన్నేళ్ళకు నన్ను సూర్యాపేట ఆఫీసులో వేశారు. సాగర్ ఎడమకాలువకు నీళ్ళు వచ్చిన కొత్తలో మిర్యాలగూడ చుట్టూ క్వారీలు చూసే పని పడింది. నెలలో సగం రోజులు అక్కడే. నర్సయ్య సేటు ఇంటి ముందరి గది కిరాయికి తీసుకున్నాను. తాతలనాటి నుంచి ధాన్యం వ్యాపారం చేసే కుటుంబం. ఇంటి వెనకే కొత్తగా రైసుమిల్లు పెట్టుకున్నారు. భార్య అండాళమ్మ, ఒక్క కొడుకు, కోడలు సుశీల.

సుశీల నోట్లో నాలుక లేని పిల్ల. మామ ఎదుట నిలబడి మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. అంతకుముందు ఏడు ఆమెకు ఆరో నెలలో కడుపు పోయింది. మళ్ళీ ఇప్పుడు అయిదో నెల. ఆ ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. అండాళమ్మ కోడల్ని బిందె ఎత్తనిచ్చేది కాదు, గడప మీద కూర్చోనిచ్చేది కాదు. ఎవరైనా తుమ్మితే ఆగి నీళ్ళు తాగించేది. నాకా ఇంట్లో గట్టిగా దగ్గాలన్నా భయమేసేది.

ఒకరోజు పొద్దున్నే సేటు దోసిలి నిండా బియ్యం పట్టుకుని నా గదికి వచ్చాడు.

"సూడుండ్రి సారు, ఎట్ల మెరుస్తున్నయో! మిర్యాలగూడల ఇసుంటి బియ్యం ఇంకెవలకన్న ఉన్నయా?"

నిజంగానే తళతళలాడుతున్నాయి. మిల్లుల్లో బియ్యం నునుపు తేలడానికి బలపం పొడి పట్టించడం అప్పట్లో మామూలే. వండేముందు ఎలాగూ కడుగుతారు కదా అని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ బలపం పొడి మెరుపు ముత్యపు చిప్పలా మెత్తగా ఉంటుంది. ఈ బియ్యం మాత్రం గాజురజను చల్లినట్టు కళ్ళలో గుచ్చుకుంటున్నాయి.

"పొడి యాడిది సేటూ?"

"కొత్త లారీ వచ్చింది సారు. పాత గని నీళ్ళతోని నిండిందట. కృష్ణ అవతల ఏదో పాతబొంద ఉంటే గాన్నుంచి రాయి తెచ్చిండు లారీ ఆయన. మన దగ్గర్నే దంచి పొడి వట్టిచ్చినం. సరుకు అవ్వల్ దర్జా!"

మిల్లు వెనక రాళ్ళ కుప్ప చూపించాడు. ఒక ముక్క ఎత్తాను. గోటితో గీస్తే గీత పడింది, సబ్బులా జారింది. బలపపు రాయే, అనుమానం లేదు. కొంచెం ఊపిరి పీల్చుకుని పక్క ముక్క ఎత్తాను. నా చెయ్యి కిందికి లాగింది.

గోడకు తల ఆనించిన బర్రె

గోరు పెట్టి గీశాను. గీత పడలేదు. కత్తి మొనకు మాత్రం తేలిగ్గా గీరుకుంది. విరిగినచోట వజ్రపు తునకలా మెరుస్తోంది. ముగ్గురాయి కూడా ఇంత బరువుండదు. ఇంకో ముక్క సుత్తితో పగలగొట్టాను. తెల్లటి దాని నడుమ బూడిదరంగు పలకలు, మెట్లు మెట్లుగా, చదరంగా చీలి కనబడ్డాయి. వాటిని పింగాణీ బిళ్ళ మీద రాస్తే నల్లని గీటు పడింది.

చదరంగా చీలే బరువైన ఆ బూడిదరంగు ఖనిజం సీసానికి తల్లి. గనిలో గాలీ నీళ్ళూ తగిలి తగిలి దాని పైభాగం తెల్లగా మారుతుంది. సెరసైటు అంటాం. అది కూడా సీసమే. కడుపులోకి పోతే పచ్చి విషం.

అప్పుడు నాకు కొట్టం గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా సేటు బర్రె మేత ముట్టడం లేదు. పళ్ళు పటపటా కొరుకుతూ, తల తీసుకెళ్ళి గోడకు ఆనించి అలాగే నిలబడుతోంది. చెయ్యి ఊపినా రెప్ప వెయ్యడం లేదు.

"దిష్టి తగిలింది సారు. మిరపకాయలు దిగదీసి పొయ్యిల ఏస్తే ఘాటు గూడ రాలే. పెద్ద దిష్టి!" అని అండాళమ్మ ముందురోజే చెప్పింది.

నేను కొట్టంలోకి పరిగెత్తాను. కుడితి గోలెంలోకి చూశాను. మిల్లు తవుడు, ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు రోజూ అందులోనే పోస్తారు. నీళ్ళు వంచేస్తే అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. వేలితో తీస్తే ఇసుకలా బరువుగా తగిలింది. ఆ ఇంట్లో అందరూ ఆ బర్రె పాలే తాగుతారు. నేనూ చాయ్ తాగాను, భోజనానికి పిలిచినప్పుడల్లా ఆ బియ్యమే తిన్నాను. సీసం ఒంట్లో చేరితే చిగుళ్ళ అంచున గీత పడుతుందని ఎక్కడో చదివాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు గదిలోకి పోయి అద్దంలో నా చిగుళ్ళు చూసుకున్నాను.

తరాజు, కుంపటి

సేటు నా మాట నమ్మలేదు. "గా గడ్డకు ఇంత పరేషాన్ ఎందుకు సారు? జర నిమ్మళంగుండుండ్రి" అన్నాడు. మాటతో కాకపోతే తూకంతో నమ్మించాలి. ఆయన బతుకంతా తరాజు ముందే గడిచింది మరి.

మిల్లులోని చిన్న తరాజు తెప్పించాను. బరువు రాయిని దారంతో కట్టి ముందు గాలిలో తూచాం. తరవాత నీళ్ళ చెంబులో వేలాడేలా ఉంచి తూచాం. నీళ్ళలో తగ్గిన బరువెంతో, రాయంత చోటు పట్టే నీళ్ళ బరువు అంత. బలపపు రాయిని అలా తూచితే అది నీళ్ళకు మూడు రెట్లు కూడా రాలేదు. ఈ రాయి ఆరు రెట్లు దాటింది. సేటు మళ్ళీ తూయమన్నాడు. మళ్ళీ అంతే వచ్చింది.

"ఇంకా పక్కా చేసుకుందాం" అని బజార్లో కంసాలి దుకాణానికి తీసుకెళ్ళాను. బొగ్గు ముక్కలో గుంట చేసి, రాతిపొడి, కొంచెం సోడా కలిపి పెట్టి, అందర్నీ దూరంగా నిలబెట్టి, ఊదుగొట్టంతో మంట దాని మీదికి ఊదాను. అది సీసం కాకూడదు దేవుడా అని మొక్కుకుంటూనే ఊదాను. చూస్తుండగానే తెల్లపొడి మధ్య వెండిలా ఒక చుక్క కదిలి, గుండ్రంగా ముద్ద కట్టింది. చుట్టూ బొగ్గు మీద పసుపుపచ్చని పూత పడింది. చల్లారాక ఆ గుండును కాగితం మీద గీశాను. నల్లగీత పడింది.

"సీసమే" అన్నాడు కంసాలి.

సేటు అక్కడే పీట మీద కూలబడ్డాడు. లేచాక ఎవరితోనూ వాదించలేదు, ఎవర్నీ తిట్టలేదు. మిల్లు ఆపించాడు. గోదాములోని ఆ బియ్యం ఒక్క బస్తా గడప దాటకుండా తాళం వేయించాడు. పనివాళ్ళు తీసుకుపోయిన నూకలు, గొల్లవాళ్ళు కొనుక్కుపోయిన తవుడు ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెప్పించి గుంట తీసి పూడ్పించాడు. వ్యాపారుల గురించి జనం నానా మాటలంటారు. నేను మాత్రం ఆ రోజు ఆయన్ని చూశాను.

కడగకుండా తినేదెవరు?

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్నాం. సేటు తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నాడు.

"అయినా బియ్యం కడుక్కోనే గదా సారు వండుతరు. అండాళు రెండుమూడుసార్లు కడుగుతది. పొడి నీళ్ళల్ల వోయింది, నీళ్ళు బర్రె తాగింది. గండం బర్రె మీదికి వచ్చి వోయిందనుకుంట."

సబబైన మాటే. నాకూ కాస్త కుదుటపడింది. కానీ పిరికివాడి బుర్ర ఊరుకోదు కదా. ఏ పుట్టలో ఏ పాముందో అని తడుముతూనే ఉంటుంది. మిల్లులో చాటలు పట్టుకుని బియ్యం చెరిగే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. చెరుగుతూ చెరుగుతూ నాలుగు గింజలు నోట్లో వేసుకుంటారు. వాళ్ళందరినీ మానెయ్యమని అప్పటికే చెప్పాను. మరి ఇంట్లో?

"అమ్మా, ఇంట్ల ఎవలన్న పచ్చిబియ్యం తింటరా?" అని అండాళమ్మను అడిగాను.

"మా ఇంట్ల ఎవలు తింటరు సారు! పచ్చిబియ్యం తింటె పెండ్లిల వాన వడ్తదని చిన్నప్పటిసంది బెదిరిచ్చుకుంటొస్తిమి."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. సుశీల మెల్లగా గడప దాకా వచ్చింది. తల వంచుకుని కొంగు ముడి విప్పింది. ముడిలో గుప్పెడు బియ్యం ఉన్నాయి. దీపం వెలుతురుకు తళతళా మెరిశాయి.

"అత్తా, నాకు అన్నం వాసన వడ్తలేదు. గివి నోట్లేసుకుంటెనే కడుపుల నిమ్మళంగ ఉంటున్నది. యావ ఆగక తిన్న."

"ఎన్నొద్దులసంది బిడ్డా?" అంది అండాళమ్మ.

"కొత్త బియ్యం వచ్చినప్పటిసంది. మెరుస్తుంటె మంచిగనిపిచ్చినయి."

అండాళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సేటు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. సుశీల మొదటిసారి నా వైపు చూసింది.

"సారు, నా బిడ్డ దక్కుతదా?"

నా దగ్గర కత్తి ఉంది, పింగాణీ బిళ్ళ ఉంది, ఆసిడ్ సీసా ఉంది. లోకంలోని ఏ రాయినైనా అడిగి జవాబు రాబట్టగలను. ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క ముక్క లేదు. "పొద్దుగాల సూర్యాపేట దవాఖానకు పోదాం బిడ్డా" అన్నాను.

ఎదురుచూపు

సూర్యాపేటలో డాక్టరమ్మ సుశీల పెదవి కిందికి లాగి చూసింది. చిగుళ్ళ అంచున సన్నగా నీలంగా ఒక గీత ఉంది. ఖనిజాల గీటు నేను జీవితమంతా చూశాను గానీ, మనిషి నోట్లో చూడడం అదే మొదలు.

"ఇగ ఒక్క గింజ తినొద్దు. పాలు తాగు, ఆ బర్రెవి మాత్రం కాదు. లోపల కదులుతున్నది కాబట్టి ఆశ ఉన్నది. భయం లేదని మాత్రం నేను అబద్ధం చెప్పను" అంది డాక్టరమ్మ.

బర్రె ఆ వారమే చచ్చిపోయింది. సుశీలకు ఆరో నెల వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. లోపల బిడ్డ కదిలిందంటే అండాళమ్మ పరుగున వచ్చి నాకూ చెప్పేది. కదలని పూట ఎవరూ పలకరించుకునేవాళ్ళు కాదు. క్వారీల మీద నేను ఏ రాయి చూస్తున్నా నా ధ్యాస ఆ ఇంటి మీదే ఉండేది.

ఆరో నెల దాటింది. ఏడూ, ఎనిమిదీ దాటాయి. ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది, కానీ ఏడ్చింది. మంగ అని పేరు పెట్టారు. సేటు ఊరంతా పటికబెల్లం పంచాడు. అందరి భయమూ ఆ రోజుతో తీరింది, నాదీ సుశీలదీ తప్ప. సీసం చంపకుండా వదిలినవాళ్ళ బుద్ధిని పట్టుకుంటుందని డాక్టరమ్మ మా ఇద్దరి ముందే అంది. సుశీల ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మంగ ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నడిచింది. మూడేళ్ళు దాటినా మాట రాలేదు. "మా వంశంల అందరికి మాట లేటే" అని సేటు కొట్టిపారేసేవాడు. నేను సూర్యాపేట నుంచి ఎప్పుడు వెళ్ళినా సుశీల మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టి, ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసేది. ఏం అడుగుతోందో నాకు తెలుసు. తల వంచుకుని నీళ్ళు తాగేవాణ్ణి.

ఆ వేసవిలో మళ్ళీ వెళ్ళినప్పుడు సేటు వాకిట్లో ఎవరికో విత్తనాల వడ్లు కొలుస్తున్నాడు. బస్తాలకు కాటా వచ్చినా విత్తనాలు మాత్రం కుంచంతోనే కొలిచేవాడు. మంగ ఆయన మోకాలికి ఆనుకుని కూర్చుంది. కొలిచేవాళ్ళు మొదటి కుంచానికి ఒకటి అనరు కదా, సేటు గోనెలో పోస్తూ "లాభం" అన్నాడు.

"లాభం" అంది మంగ.

సేటు చేతిలో కుంచం ఆగిపోయింది. విత్తనాల కోసం వచ్చినాయన "మాటొచ్చింది, పిల్లకు మాటొచ్చింది!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. విన్న మాట తిరిగి అనడం చిలకకూ వస్తుంది. గుమ్మంలో సుశీల కూడా నవ్వలేదు, తలుపు రెక్క గట్టిగా పట్టుకుని నిలబడింది.

సేటు రెండో కుంచం నింపాడు. గోనెలో పోశాడు గానీ ఏమీ అనలేదు. పెదవులు బిగించుకుని మనవరాలి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకూ ఇన్నాళ్ళూ లోపల భయం ఉందని నాకప్పుడే తెలిసింది.

మంగ తాత మొహం చూసింది. ఖాళీ కుంచం చూసింది. గోనెలో వడ్లు చూసింది.

"రెండు" అంది.

మామ ఎదుట ఎన్నడూ నోరు విప్పని సుశీల, ఏడుస్తూనే అక్కణ్ణుంచి ఒక్క కేక పెట్టింది. "పొయ్యిండ్రి మామా, ఇంకోటి పొయ్యిండ్రి!"